కుంగ్‌ఫూలో దెబ్బ కంటే ముందు దూరం: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో కుంగ్‌ఫూ నేర్పుతుంటాను. వేసవి సెలవుల్లో కొత్తగా చేరే పిల్లలు మొదటి రోజే "మాస్టర్, కిక్‌లు ఎప్పుడు నేర్పిస్తారు?" అని అడుగుతారు. నేను మొదట నేర్పేది నిలబడటం, ఆ తర్వాత అడుగు వేయడం. అదీ పోరాటమేనని పిల్లల కంటే తల్లిదండ్రులకు నచ్చజెప్పడమే కష్టం. వాళ్లు తరచూ అనే మాటలే ఇక్కడ తీసుకున్నాను.

అపోహ: గట్టిగా కొట్టగలిగినవాడే గెలుస్తాడు.

ఎంత బలమైన దెబ్బయినా ముందు ఎదుటివాడికి అందాలి. కాలు అందే దూరం వేరు, పిడికిలి అందే దూరం వేరు, మోచేయి, మోకాలు పనిచేసే దూరం వేరు. పాలమూరు వైపు జాతరల్లో కుస్తీ చూసినవారికి పట్టు దూరం సంగతి చెప్పనక్కరలేదు. కిక్ ఎత్తినవాడి మీదికి అడుగు చొచ్చుకుపోతే, మోకాలు చాచుకునే చోటు లేక ఆ కిక్‌లో సత్తువ ఉండదు.

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేతులు చాచినా వేళ్లు తగలనంత ఎడం ఉంచమంటాను. అక్కడి నుంచి కొట్టాలంటే ఎవరైనా అడుగు వేయక తప్పదు, ఆ అడుగు మనకు కనిపిస్తుంది. కంటితో చూసి శరీరం కదలడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. చేతికి అందేంత దగ్గర నుంచి వచ్చే పంచ్ కూడా దాదాపు అంతే సమయంలో వచ్చి తగులుతుంది. అందుకే అంత దగ్గర నిలబడి "చూసి ఆపుతాను" అనుకోవడం వృథా. మా దగ్గర తొలి నెలల సాధనంతా దీని చుట్టూనే ఉంటుంది: అతను ఒక అడుగు ముందుకు వస్తే నువ్వు ఒక అడుగు వెనక్కి, మధ్యలో ఎడం మారకూడదు. ముందుకు పోయేటప్పుడు ముందు కాలు, వెనక్కి జరిగేటప్పుడు వెనక కాలు మొదట కదలాలి. కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడిన క్షణంలో చిన్న తోపుకే మనిషి పడిపోతాడు.

అపోహ: పంచ్ బలమంతా చేతి కండలోనే ఉంటుంది.

బలం నేల నుంచి వస్తుంది. వెనక మడమ తిరిగితే తుంటి తిరుగుతుంది, దాని వెంట భుజం, చివరికి పిడికిలి. చేయి పాదంతో, మోచేయి మోకాలితో, భుజం తుంటితో కలిసి కదలాలని చైనా గురువులు చెప్పే సూత్రం ఇదే. కాళ్లు ఎడంగా చాపి, మోకాళ్లు వంచి నిలబడే గుర్రపు స్వారీ భంగిమలో తొడలు వణికేదాకా నిలబెట్టేది కూడా కాళ్లు బలపడటానికి, బరువు కిందికి దించడం అలవాటు కావడానికి. స్పారింగ్‌లో, అంటే జోడీతో చేసే సాధన పోరులో, అలా కాళ్లు చాపి, రొమ్ము చూపిస్తూ ఎవరూ నిలబడరు. అయితే ఎదుటివాడిని పట్టుకుని పడేసే క్షణంలో నడుము దిగేది ఆ భంగిమలోకే, కనుక దాన్ని దండగ అనే మాట నేను ఒప్పుకోను.

మరో హెచ్చరిక. వట్టి పిడికిలితో తల మీద కొడితే చాలాసార్లు విరిగేది కొట్టినవాడి చిటికెన వేలి వైపు ఎముకే. గ్లవ్ లేనప్పుడు అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో కొట్టమని నేర్పుతాను.

అపోహ: విద్య ఉంటే ఎదుటివాడి బరువుతో పని లేదు.

బరువుతో పని లేకపోతే బాక్సింగ్, జూడో, వుషు సాండా (చైనా పద్ధతి పోరాట క్రీడ) పోటీల్లో బరువు విభాగాలు ఎందుకుంటాయి? వేర్వేరు పోరాట విద్యల వాళ్లు తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో, 1993లో, తేలికపాటి మనిషి రాయిస్ గ్రేసీ గెలిచాడు. అప్పటికి నేల మీద పడ్డాక ఎలా పోరాడాలో మిగతావారికి పెద్దగా తెలియదు. ఆ విద్య అందరూ నేర్చుకున్నారు, బరువు విభాగాలూ వచ్చాయి.

అపోహ: కత్తిని చేత్తో లాక్కోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. ప్రదర్శనల్లో కత్తి చేయి ఒకసారి ముందుకు వచ్చి అక్కడే ఆగిపోతుంది, మాస్టర్ మణికట్టు పట్టి తిప్పుతాడు. నిజంగా పొడిచేవాడు ఆగడు, క్షణంలో చేయి వెనక్కి లాగి మళ్లీ మళ్లీ పొడుస్తాడు. నమ్మకం లేకపోతే ఒకరికి పాత తెల్ల బనియను తొడిగి, ఇంకొకరి చేతికి ఎర్ర స్కెచ్ పెన్ ఇచ్చి, దాన్ని కత్తిలా పొడవమని, బనియను వేసుకున్నవాడిని పది సెకన్లు అడ్డుకోమనండి. తర్వాత పొట్ట మీద, ముంజేతుల మీద, మెడ పక్కన గీతలు చూడండి. ఎంత సీనియర్ విద్యార్థి బనియనైనా తెల్లగా మిగలదు. ఫోను అడిగితే ఇచ్చేయండి, గొలుసు అడిగినా ఇచ్చేయండి. దారి ఉంటే పరుగెత్తండి, లేకపోతే కుర్చీనో బైకునో మధ్యలో ఉండేలా చూసుకోండి. బయటపడగానే 100కో 112కో ఫోన్ చేయండి.

చట్టం సంగతీ మా విద్యార్థులకు చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదు. పడిపోయి లేవలేని వాడిని ఇంకా తన్నితే అది ఆత్మరక్షణ కాదు.

అపోహ: కుంగ్‌ఫూ బౌద్ధ భిక్షువు బోధిధర్ముడి ద్వారా మన దేశం నుంచే చైనాకు వెళ్లింది.

నాగార్జునకొండ మన జిల్లాకు పక్కనే ఉంది కాబట్టి ఈ మాట ఇక్కడ ఇంకా ఇష్టంగా చెప్పుకుంటారు. అక్కడ దొరికిన ఇక్ష్వాకుల నాటి శాసనంలో, బౌద్ధం చేరిన దేశాల వరుసలో చీనా పేరు కూడా ఉంది. దానికి గర్వపడదాం. కానీ ఆ శాసనం చెప్పేది ధర్మ ప్రచారం గురించి. చైనాలో కుంగ్‌ఫూకు పేరుపడ్డ షావోలిన్ బౌద్ధ ఆలయం 495లో స్థాపించబడింది. అక్కడి భిక్షువులు 621 నాటి యుద్ధంలో పాల్గొన్నట్టు 728 నాటి శిలాశాసనం చెబుతుంది. బోధిధర్ముడికి వ్యాయామ విద్యను ముడిపెట్టిన గ్రంథం 17వ శతాబ్దానిది. కుస్తీ, విలువిద్య చైనాలో అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి.

ఇక బ్లాక్ బెల్టు. బెల్టుల పద్ధతి జపాన్‌లో జిగోరో కానో స్థాపించిన జూడో నుంచి వ్యాపించింది, సంప్రదాయ కుంగ్‌ఫూలో బెల్టులు లేవు. పిల్లల్ని చేర్పించే ముందు ఏ బెల్టు ఎన్ని నెలల్లో వస్తుందని అడగకండి. జోడీ నిజంగా ఎదిరించేలా స్పారింగ్ చేయిస్తారా, తల గార్డు, నోటి గార్డు పెడతారా, పడటం ఎలాగో నేర్పుతారా అని అడగండి. ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని తరగతి మొత్తం చూడనివ్వమని కూడా అడగండి.