బదనిక కట్టే అంటు

“చెట్టు కొమ్మ మీద పెరిగే బదనికకు వేరంటూ లేదు కదా సార్, కొమ్మలోంచి నీళ్లు ఎట్లా తాగుతుంది?” అని దామలచెరువు మామిడి రైతు ఒకాయన అడిగారు. మన పాఠ్యపుస్తకాలు దీన్ని ‘చూషకాలు’ అనే ఒక్క మాటతో తేల్చేస్తాయి. పిల్లలకు మార్కులొస్తాయి, చూషకం పనేమిటో మాత్రం తెలియదు.

నర్సరీలో అంటు కట్టడం చూసినవాళ్లకు ఇది సులువుగా ఎక్కుతుంది. నాటు మామిడి మొక్క తల కోసి, చీలికలో బేనిషా పుల్ల దూర్చి, పట్టీ బిగిస్తారు. బెరడు కిందున్న పచ్చి పొరలు రెండూ ఆనుకుంటే కణాలు కలిసి కొత్త నీటి గొట్టాలు పుడతాయి. బదనిక విషయంలో కత్తీ పట్టీ కూడా అదే. పిట్ట వదిలిన గింజ జిగురుతో కొమ్మను పట్టుకుంటుంది, మొలక కొన బిళ్లలా పరుచుకుంటుంది, దాని నడుమ నుంచి కణజాలం బెరడు చీల్చుకుని కొయ్యలోని నీటి గొట్టాలదాకా దిగుతుంది. ఇదే చూషకం. మనం మామిడిని వేప మీద కడితే ఎండిపోతుంది. బదనికకు ఆ పట్టింపు లేదు. మామిడి, వేప, సపోటా ఏదైనా సరే.

ఈ పోలిక నా ఊహ కాదు. పరాన్నజీవి మొక్క ఫ్థెయిరోస్పెర్మమ్ ఆతిథేయి (తాను పట్టిన మొక్క) వేరులోకి దిగేటప్పుడు కణగోడల సెల్యులోజ్‌ను కరిగించే బీటా-1,4-గ్లూకనేజ్ ఎంజైమ్‌ను వదులుతుందని 2020లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. మామూలు అంటు అతుక్కునే చోట పనిచేసేదీ ఈ రకం ఎంజైమే. అంటే పరాన్నజీవి కొత్త పనిముట్టేమీ కనిపెట్టలేదు, గాయం మాన్పుకునే పాత విద్యనే దొంగతనానికి వాడుకుంది. పూల మొక్కల్లో ఈ దొంగతనం దాదాపు 12 సార్లు విడివిడిగా పుట్టింది!

ఫలానా నక్షత్రం రోజు తెచ్చిన బదనికను బీరువాలో పెడితే డబ్బు నిలుస్తుందట. తోటలో వదిలేస్తే మాత్రం కాపు పోతుంది. పైపైన కోస్తే లోపలి కణజాలం మళ్లీ చిగురిస్తుంది, అది అతుక్కున్న చోటి బుడిపె కింద కొమ్మనే నరకాలి.

శేషాచలం ఎర్రచందనానికి ఈ బుద్ధి లేదు. శ్రీగంధానికి ఉంది. నేల కింద పక్క మొక్కల వేళ్లకు చూషకాలు తగిలిస్తుంది కాబట్టే రైతులు దాని పక్కన కంది వేస్తారు. శ్రీగంధం, బదనిక ఒకే క్రమానికి (కుటుంబాలను కలిపే పెద్ద వర్గానికి) చెందినవి. ఆ క్రమంలో పరాన్న జీవనం ముందు వేళ్ల దగ్గరే మొదలై, తర్వాత కొమ్మలెక్కింది. బదనిక కుటుంబంలోనే ఇప్పటికీ వేళ్ల దగ్గరే ఉండిపోయిన చెట్టు ఆస్ట్రేలియా న్యూయిట్సియా. దాని చూషకం పక్క మొక్క వేరు చుట్టూ ఉంగరంలా బిగిసి, లోపల గట్టి కొయ్య కత్తితో అడ్డంగా కోస్తుంది. భూమిలో వేసిన కేబుళ్లను కూడా అలాగే కోసి పెట్టింది.