టెస్టులు అయిపోయాక ప్రోటోటైప్ సూపర్‌కార్లు ఏమవుతాయి?

వేలానికి పెడితే కోట్లు పలికే ప్రోటోటైప్‌ను, అంటే అమ్మకానికి ముందు పరీక్షల కోసం కట్టిన నమూనా కారును, కంపెనీయే ఎందుకు తుక్కు చేయిస్తుంది? ఏదో ఒక కంపెనీ అలా చేసిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ వినబడే ప్రశ్నే ఇది. దీని వెనక యాభై ఏళ్ల పైచిలుకు చరిత్ర ఉంది.

1971లో జెనీవా మోటార్ షోలో లంబోర్గిని పెట్టిన పసుపు కౌంటాష్ ఎల్‌పీ500ను చూసి జనం నోరెళ్లబెట్టారు. షో అయ్యాక అదే కారు టెస్టు బండిగా మారింది. టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్ దాన్ని విపరీతంగా తిప్పాడు. ఇంజిన్‌కు గాలి చాలడం లేదని తేలడంతో నున్నటి ఆ బాడీకి కోతలు పెట్టి గాలి మార్గాలు అమర్చారు. చివరికి 1974లో ఇంగ్లండ్‌లోని మీరా టెస్ట్ కేంద్రంలో క్రాష్ టెస్టుకు వాడేసి, మిగిలింది తుక్కు కింద పారేశారు. డబ్బులకు కటకటలాడుతున్న కంపెనీకి గుద్దించడానికి ఇంకో కారు కట్టే స్తోమత లేదు, పైగా పాత ప్రోటోటైప్ కోసం ఎవరో ఎగబడతారన్న ఊహ ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

తర్వాతి తరానికి ఆ ఊహ ఉంది, అయినా కార్లు బతకలేదు. మెక్‌లారెన్ ఎఫ్1 అనే రోడ్డు కారు కోసం మొదట రెండు అల్టిమా కిట్ కార్లు (విడిభాగాలుగా కొని బిగించుకునేవి) కొని, ఆల్బర్ట్, ఎడ్వర్డ్ అని పేర్లు పెట్టుకున్నారు. ఇలా పైన వేరే కారు బాడీ, లోపల కొత్త కారు భాగాలు ఉండే టెస్టు బండిని మ్యూల్ అంటారు. ఆల్బర్ట్‌లో షెవ్రొలే వీ8 ఇంజిన్ పెట్టి గేర్‌బాక్స్, బ్రేకులు, మధ్యలో ఉండే డ్రైవర్ సీటు పరీక్షించారు. ఎడ్వర్డ్‌లో బీఎండబ్ల్యూ వీ12 ఇంజిన్ నడిపారు. పని అయిపోగానే రెండింటినీ నాశనం చేశారు, కిట్ కార్లతో తమ పేరు ముడిపడటం కంపెనీకి ఇష్టం లేదు మరి. అసలు ప్రోటోటైప్‌లలో ఎక్స్‌పీ1 1993లో నమీబియాలో ఎండ టెస్టుల్లో పల్టీలు కొట్టి కాలిపోయింది, డ్రైవర్ బయటపడ్డాడు. ఎక్స్‌పీ5 మాత్రం 1998లో గంటకు 386 కిలోమీటర్ల రికార్డు కొట్టి చరిత్రలో నిలిచిపోయింది.

ఇక అసలు పేచీ చట్టంతో. ప్రోటోటైప్‌లో చేత్తో చేసిన భాగాలుంటాయి, సగం రాసిన సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అమ్మకానికి వచ్చే కారుకు జరిగే సేఫ్టీ, పొగ పరీక్షలు దానికి పూర్తికావు. అది బయటివాళ్ల చేతికి వెళ్లి ప్రమాదం జరిగితే కోర్టులో నిలబడాల్సింది కంపెనీయే. 2014లో అమెరికాలో క్రైస్లర్, తాను కాలేజీలకు ఇచ్చిన తొలినాటి డాడ్జ్ వైపర్ స్పోర్ట్స్ కార్లను తుక్కు చేయమంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక కమ్యూనిటీ కాలేజీ దగ్గరున్న వైపర్ విలువ 2.5 లక్షల డాలర్లని అప్పట్లో లెక్కగట్టారు. పిల్లలు దాని మీదే పని నేర్చుకున్నారు, వాళ్లు ఏడ్చినంత పనిచేశారంటే అర్థం చేసుకోవచ్చు. కంపెనీ భయమూ నిజమే. కానీ ఇంజిన్, కంప్యూటర్ తీసేసి మ్యూజియానికి ఇచ్చినా ఆ భయం తీరేది కదా, బాడీని నలిపేయడం దేనికి?

అమ్మకుండా దాచుకున్న కంపెనీలూ ఉన్నాయి. మెర్సిడెస్ ప్రయోగాత్మక కారు సీ111ను 1969లో చూసినవాళ్లు ఖాళీ చెక్కులు పంపినా ఆ కంపెనీ ఇవ్వలేదు, అందుకే అవి ఇవాళ్టికీ ఉన్నాయి. ఆస్టన్ మార్టిన్ కట్టిన ఒకే ఒక్క బుల్‌డాగ్ కారుది ఇంకో దారి. 1984లో చేతులు మారి, ఏళ్ల తరబడి కనుమరుగై, మళ్లీ బాగుపడి, 2023లో స్కాట్లాండ్‌లో గంటకు 330 కిలోమీటర్లు దాటింది. కారు కట్టినప్పుడు పెట్టుకున్న గంటకు 200 మైళ్ల (సుమారు 322 కిలోమీటర్ల) లక్ష్యం నలభై ఏళ్లు దాటాక తీరింది.

ఇప్పుడు మార్కెట్ తీరు మారింది. ఫెరారీ తన లాఫెరారీ కారు కోసం 458 మోడల్ బాడీలో కట్టిన మ్యూల్స్ కూడా అమ్మకానికి వచ్చాయి, రోడ్డు మీద నడపకూడదని తెలిసీ కొనేవాళ్లున్నారు. వాళ్లకు కావలసింది ఆ అతుకులు, టేపు మరకలు, ఇంజనీర్లు బిగించిన సెన్సర్ వైర్లే. కాబట్టి వాటిని తుడిచి కొత్తగా మెరిపిస్తే విలువ పోయినట్టే.

ఇక ఎల్‌పీ500 సంగతి. ఒక కలెక్టర్ కోరితే లంబోర్గినియే పాత ఫొటోలు, కాగితాలు ముందు పెట్టుకుని 25,000 గంటలకు పైగా పనిచేసి, దాన్ని మొదటి నుంచి మళ్లీ కట్టి 2021లో చూపించింది.