సువార్త సభల్లో తలలు లెక్కపెట్టిందెవరు?

సభల హాజరు లెక్కల మీద, పరిచారకులు తమ గురించి తాము చేసుకునే ప్రచారం మీద క్రైస్తవ సంఘాల్లో మళ్లీ వాదన రేగింది. తాను గొప్పవాడినని చెప్పుకున్న గారడీ సీమోను, సంఘంలో పెద్దరికం కోరిన దియొత్రెఫే, దానం చేస్తూ బూర ఊదించుకునే వేషధారులు బైబిల్లోనే ఉన్నారు, వారు విశ్వాసులకు కొత్తవారు కారు కనుక అంత వెనక్కి పోనక్కరలేదు. ఇప్పటి తగాదాకు దగ్గరి మూలం 1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో జరిగిన ఒక చిన్న సమాలోచనలో ఉంది.

ఊరూరా తిరిగే సువార్తికులంటే జనం అనుమానంగా చూస్తున్న రోజులవి. అక్కడ కూటములు నడుపుతున్న అమెరికన్ సువార్తికుడు బిల్లీ గ్రాహం తన సహచరులు క్లిఫ్ బారోస్, గ్రేడీ విల్సన్, జార్జ్ బెవర్లీ షేలను పిలిచి, సువార్తికుల పేరు చెడగొడుతున్నవి ఏమిటో ఎవరి గదిలో వారు గంటసేపు ఆలోచించి రాసుకుని రమ్మన్నారు. తిరిగి వచ్చి చూసుకుంటే అందరి కాగితాల్లోనూ ఇంచుమించు అవే మాటలున్నాయి: డబ్బు, స్త్రీల విషయంలో నడవడి, స్థానిక సంఘాలను చులకన చేయడం, ప్రచారంలో అతిశయోక్తి.

మొదటి మూడింటి గురించి చాలామంది రాశారు కానీ నాలుగోదాన్ని పట్టించుకున్నవారు తక్కువ. హాజరును తాము అంచనా వేయకుండా పోలీసులో మైదానం నిర్వాహకులో చెప్పిన అంకెనే, అది తక్కువనిపించినా సరే, వాడాలని ఆ బృందం నిర్ణయించుకుంది. పిలుపు విని వేదిక ముందుకు వచ్చినవారిని సైతం ‘మారుమనస్సు పొందినవారు’ అనకుండా ‘తెలుసుకోగోరి వచ్చినవారు’గా లెక్క రాసే అలవాటు చేసుకుంది. మామూలు మాటల తేడాలా కనిపిస్తుంది కానీ, హృదయంలో జరిగిన పనికి రసీదు రాసే అధికారం ప్రసంగికుడికి లేదన్న ఒప్పుకోలు అందులో ఉంది.

ఏడాది తిరగకుండానే దీనికి పరీక్ష ఎదురైంది. 1949 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో డేరా వేసి మూడు వారాలకని మొదలుపెట్టిన కూటములు ఎనిమిది వారాలు సాగాయి. పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ గ్రాహంను పైకెత్తమని తన సంపాదకులకు రెండు మాటల కబురు పంపాడని చెప్పుకుంటారు. హర్స్ట్‌ను ఎన్నడూ కలవలేదని గ్రాహం చెప్పారు. ప్రచారం లేకపోతే వాక్యం గుమ్మం దాటదని నమ్మేవారు నేటికీ ఈ ఉదాహరణే చూపుతారు. అక్కడ ఊదిన బూర ఇతరులదని మాత్రం వారు చెప్పరు. గ్రాహం బృందమూ పోస్టర్లు వేసుకోలేదని కాదు, చాలానే వేసింది.

మరుసటి ఏడాది అట్లాంటాలో కూటములు ముగిశాక ఒక పత్రిక రెండు ఫొటోలు పక్కపక్కనే అచ్చువేసింది. ఒకదానిలో నవ్వుతూ వీడ్కోలు చెబుతున్న గ్రాహం, రెండోదానిలో కానుకల సంచులతో కార్యకర్తలు. ఆ దెబ్బతో ఆయన, సభికులు ప్రసంగికుడి కోసం ఇచ్చే ‘ప్రేమ కానుక’ పద్ధతి మానుకుని నిర్ణీత జీతానికి మారారు. ఆ విధంగా డబ్బుకు పద్దు ఏర్పడింది. 1979లో క్రైస్తవ సంస్థల డబ్బు లెక్కలకు ప్రమాణాలు పెట్టే ఎవాంజెలికల్ కౌన్సిల్ ఫర్ ఫైనాన్షియల్ అకౌంటబిలిటీ పుట్టాక ఆ పద్దు అనేక సంస్థలకు నియమమైంది. అంకెల విషయంలో మాత్రం అటువంటి ఏర్పాటు జరగలేదు, అది ఎవరి మనస్సాక్షికి వారికే మిగిలింది.

అంకెల సంగతి గ్రాహంతో మొదలైంది కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ ప్రసంగికుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ వెంట ఉండి పత్రికలకు వార్తలు రాసిపెట్టిన విలియం సీవర్డ్, తానూ ఆ బృందంలోని వాడే అయినా, బయటివాడు చూసి రాసినట్టు రాసేవాడు. మైదానాల్లో పాతికవేల మంది విన్నారన్న వార్తలను నమ్మని బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఫిలడెల్ఫియాలో వైట్‌ఫీల్డ్ ప్రసంగం జరుగుతుండగా మాట వినబడనంత దూరం వరకు వీధిలో నడుచుకుంటూ పోయాడు. ఆ దూరంతో అర్ధవృత్తం గీసినట్టు ఊహించి, మనిషికి రెండు చదరపు అడుగుల చొప్పున లెక్కగడితే ముప్పైవేల మందికి పైగా వినగలరని తేలింది. ఎంతమంది వినగలరో తేలింది కానీ ఎంతమంది వచ్చారో తేలలేదు. అయినా ఒక బయటి మనిషి కొలిచాడు, ఎలా కొలిచాడో చెప్పాడు.

కొలిచేవాడే లేకపోతే ఏమవుతుందో 2014లో సియాటిల్‌లోని మార్స్ హిల్ సంఘం ఉదంతంలో బయటపడింది. పాస్టర్ మార్క్ డ్రిస్కల్ పుస్తకాన్ని న్యూయార్క్ టైమ్స్ అత్యధిక అమ్మకాల జాబితాకు ఎక్కించడానికి సంఘం నిధులతో రిజల్ట్ సోర్స్ అనే సంస్థకు డబ్బు చెల్లించారు. వేల ప్రతులను వేర్వేరు చిరునామాల పేరిట కొనిపించి, పాఠకులు తమంతట తామే కొన్నట్టు కనబడేలా చూడడం ఆ పథకం. డ్రిస్కల్ తప్పు ఒప్పుకున్నారు, ఇతర ఆరోపణలు కూడా చుట్టుముట్టగా అదే ఏడాది అక్టోబరులో రాజీనామా చేశారు. కొద్ది నెలల్లోనే ఆ సంఘం రద్దయి, దాని శాఖలు ఎవరికి వారుగా విడిపోయాయి.

ఇప్పటి వాదనలోనూ పుస్తకాల బదులు ఫాలోవర్లు, డేరాల బదులు వీడియో వ్యూలు వచ్చాయి తప్ప ఆయువుపట్టు మారలేదు. జనం చూసి జనం వస్తారని, పెద్ద అంకె కూడా ఒక సాక్ష్యమేనని సమర్థకులు అంటున్నారు. విమర్శకులు అడుగుతున్నవి రెండే: కరపత్రం మీద వేసిన సంఖ్య కింద లెక్కించినవారి పేరు వేయాలి, వేదిక మీద ప్రకటించిన స్వస్థతను కొన్ని నెలల తర్వాత వెళ్లి చూడాలి. ఈ రెండింటికీ సూటిగా సమాధానం వచ్చిన సందర్భాలు తక్కువ.