వెయ్యి కేలరీల చార్టు పక్కన పెట్టండి: కేలరీ లోటుపై అపోహలు – వాస్తవాలు

బరువు తగ్గాలని నా దగ్గరికి వచ్చేవాళ్లు కూర్చోగానే ఫోన్ తెరిచి చూపిస్తారు. మళ్లీ అదే చార్టు. పొద్దున గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, టిఫినుకు రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, సాయంత్రం గ్రీన్ టీ, రాత్రికి ఒక పుల్కా. అంతా కూడినా వెయ్యి కేలరీలు దాటదు. ఎవరు రాశారో తెలీదు, ఎవరి కోసం రాశారో అసలే తెలీదు. తిరుపతిలో బట్టల షాపులో రోజంతా నిలబడే అమ్మాయికీ అదే చార్టు, పలమనేరు పక్కన నాలుగు ఆవుల్ని చూసుకునే ఆమెకీ అదే, వంద కిలోలు దాటిన బ్యాంకు ఉద్యోగికీ అదే. ఆ తర్వాత వచ్చే ప్రశ్న కూడా మారదు: "మేడమ్, నెలన్నరలో పెళ్లి, ఇది చేస్తే పది కిలోలు తగ్గుతానా?"

అడిగేవాళ్ల మీద కోపం రాదు. సంబంధాలు చూసే ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటే ఎవరికైనా కంగారు పుడుతుంది. కోపమంతా ఆ చార్టును గ్రూపుల్లో తిప్పేవాళ్ల మీదే.

అపోహ: లోటు ఎంత పెద్దదైతే కొవ్వు అంత తొందరగా కరుగుతుంది

అందరికీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. లోటంటే ఒళ్లు ఖర్చు చేసే కేలరీలకన్నా తక్కువ తినడం. లెక్క వేసి చూద్దాం. 34 ఏళ్ల ఆమె, 68 కిలోలు, 155 సెంటీమీటర్లు. మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం (1990) ప్రకారం బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కూడాలి. అందులోంచి వయసును 5తో గుణించి తీసేయాలి. ఆడవాళ్లకైతే ఇంకో 161 తీయాలి, మగవాళ్లకైతే 5 కలపాలి. ఈమెకు 680 + 969 – 170 – 161, అంటే సుమారు 1,318 కేలరీలు. ఇది కదలకుండా పడుకున్నా అయ్యే ఖర్చు. ఇంటిపని, కాస్త నడక ఉన్నాయి కాబట్టి 1.4తో గుణిస్తే 1,845. బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండాలంటే ఆమె తినాల్సింది ఇంత. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు 1.3, పొలం పనో నిలబడి చేసే పనో ఉన్నవాళ్లకు 1.6 వేసుకోవచ్చు.

వెయ్యి కేలరీల చార్టు పట్టుకుంటే ఆమె లోటు రోజుకు 845. సోమవారం నుంచి శుక్రవారం దాకా పళ్లు బిగించి చేసింది: 4,225 కేలరీల లోటు. శనివారం చుట్టాలింట్లో ఫంక్షను, ఆదివారం బిర్యానీ. ఐదు రోజులు కడుపు మాడ్చుకున్నాక చెయ్యి ఆగదు, అది బలహీనత కాదు, ఆకలి పని ఆకలి చేస్తుంది. రెండు రోజులూ 2,900 చొప్పున తింటే 2,110 వెనక్కి వచ్చేసింది. వారానికి మిగిలింది 2,115, అంటే రోజుకు 302. అదే ఆమె ఇరవై శాతం లోటు పెట్టుకుని రోజూ 1,475 తిని ఉంటే వారానికి 2,590 మిగిలేది. కడుపు మాడ్చుకున్న చార్టే ఓడిపోయింది.

"కానీ మేడమ్, మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గాను" అంటారు. ఒక కిలో ఒంటి కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. రోజుకు 845 చొప్పున ఏడు రోజులూ తప్పకుండా చేసినా 5,915, కొవ్వు ముప్పావు కిలో. మిగతాదంతా గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం), దాంతోపాటు పోయిన నీళ్లు. ఒక గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అన్నం మళ్లీ మొదలుపెట్టిన రెండో రోజుకే ఆ బరువు తిరిగొస్తుంది. జనం "డైట్ ఆపగానే పెరిగిపోయాను" అని ఏడ్చేది ఈ నీళ్లకే.

నిజంగా నష్టపోయేది కండ. ఆ చార్టులో ప్రోటీన్ ముప్పై గ్రాములు దాటదు. ఈమె చేరాలనుకుంటున్న బరువు 58 కిలోలనుకుంటే, కిలోకు 1.4 నుంచి 1.6 గ్రాముల చొప్పున 81–93 గ్రాములు పడాలి. రెండు గుడ్లకు 12, యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌కు 26, నలభై గ్రాముల కందిపప్పుకు 9, మూడు వందల గ్రాముల పెరుగుకు 9, వంద గ్రాముల చికెన్‌కు 22. బియ్యం, రాగి నుంచి వచ్చే పది పన్నెండు కలిపితే తొంభై దగ్గరికి వస్తుంది. చికెన్ తినని రోజు వంద గ్రాముల పనీర్‌కు 18. ఇది సరిపోకుండా, బరువులెత్తే వ్యాయామమూ లేకుండా పెద్ద లోటు పెడితే త్రాసు మీద అంకె తగ్గుతుంది, పొట్ట మాత్రం అలాగే ఉండి చేతులు, ముఖం పీక్కుపోతాయి.

ఇంకొకటి ఎవరూ గమనించరు. పెద్ద లోటులో మనిషి తనకు తెలియకుండానే కదలడం మానేస్తాడు. మేడ మీదికి రెండుసార్లు ఎక్కేది ఒక్కసారి అవుతుంది, వీధి చివరి అంగడికి స్కూటీ తీస్తారు. ఫోన్‌లో అడుగుల లెక్క తెరిచి మొదటి వారాన్ని, నాలుగో వారాన్ని పక్కపక్కన పెట్టండి. ఎనిమిది వేలు నాలుగు వేలకు పడిపోయి ఉంటే, మీరు అన్నం దగ్గర మిగిల్చిందాంట్లో కొంత అక్కడ కారిపోయింది.

వారానికి కిలోన్నర మించి వరసగా తగ్గేవాళ్లలో పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది. జుట్టు రాలడం రెండు మూడు నెలల తర్వాత మొదలవుతుంది. అప్పటికి చార్టు సంగతి మర్చిపోయి షాంపూ మారుస్తుంటారు. నెలసరి తప్పినా, మధ్యాహ్నం ఎండలో కూడా చేతులు చల్లగా ఉన్నా, రాత్రి నిద్ర పట్టకపోయినా, రోజంతా తిండి ఆలోచనే ఉన్నా లోటు మీ ఒంటికి మించిపోయిందని అర్థం. ఆ వారమే రెండు వందల కేలరీలు పెంచాలి. నెలసరి తప్పితే డాక్టర్‌కూ చూపించుకోవాలి.

ఎనిమిది వందల కేలరీల ఆహారం వైద్యంలో లేదా అంటే ఉంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరీక్షలో షుగర్ రోగులకు 825–853 కేలరీల ఫార్ములా ఆహారం మూడు నుంచి ఐదు నెలలు ఇచ్చారు. ఏడాదికి దాదాపు సగం మందికి షుగర్ అదుపులోకి వచ్చి మందులు అవసరం లేకుండా పోయింది. అయితే అందులో విటమిన్లు, ప్రోటీన్ లెక్క కట్టి కలిపారు, షుగర్ మాత్రలు మొదటి రోజే ఆపారు, సిబ్బంది వెంట ఉండి చూశారు. దాన్ని చూపించి రెండు ఇడ్లీల చార్టును సమర్థించుకోవద్దు.

మరి ఎంత పెట్టాలి?

ఒంట్లో కొవ్వు ఎంతుందో దాన్నిబట్టి. పెళ్లి తేదీని బట్టి కాదు. బీఎంఐ (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 30 దాటినవాళ్లు 25–30 శాతం లోటు మోయగలరు. 25 నుంచి 30 మధ్య ఉంటే 20 శాతం. 23–25 మధ్య అయితే 10–15 శాతానికి మించొద్దు. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని గుర్తుంచుకోండి.

"రోజుకు 500 తగ్గించు" అనే సూత్రం అందరికీ ఎందుకు సరిపోదో ఇక్కడే తెలుస్తుంది. 105 కిలోలు, 172 సెంటీమీటర్లు, 42 ఏళ్లున్న బ్యాంకు ఉద్యోగికి ఖర్చు దాదాపు 2,500. ఆయన 700 తగ్గించినా 1,800 తింటాడు, కడుపు నిండుతుంది, వారానికి అరకిలో పైనే కొవ్వు కరుగుతుంది. అదే 57 కిలోల పాతికేళ్ల అమ్మాయికి ఖర్చు 1,750. ఆమెకు 250 చాలు. ఇద్దరికీ 500 చెప్తే ఆయనకు తక్కువ, ఆమెకు ఎక్కువ.

సూత్రం ఇచ్చే అంకె పది శాతం అటూ ఇటూ తప్పొచ్చు. కాబట్టి రోజూ పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. ఏ ఒక్కరోజు అంకెనూ నమ్మొద్దు, వారం సగటు చూడండి. ముందురోజు తిన్న ఊరగాయ ఉప్పుకే కిలో తేడా వస్తుంది. ఆడవాళ్లు నెలసరికి ముందు వారాన్ని, పోయిన నెల అదే వారంతో పోల్చాలి. మొదటి వారం వదిలేసి తర్వాతి మూడు వారాలు చూడండి. సగటు వారానికి మీ బరువులో అర శాతం నుంచి ఒక శాతం మధ్య తగ్గుతుంటే ఏమీ మార్చొద్దు. పావు శాతం కూడా తగ్గకపోతే 100–150 కేలరీలు తగ్గించండి. ఒక శాతం దాటి పోతుంటే 150–200 పెంచండి, సంతోషపడొద్దు. సన్నగా ఉన్నవాళ్లకు అర శాతమే పై గీత.

అపోహ: లోటంటే అన్నం మానేయడమే

వంటింట్లో నూనె డబ్బా చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల వేరుశనగ నూనె అయిపోతే, అది సుమారు 4,550 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 40,950 కేలరీలు. నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే మనిషికి రోజుకు 341. ఎవరి కంచంలోనూ కనపడని తిండి ఇది. ఐదు లీటర్లు మూడు లీటర్లయితే మనిషికి రోజుకు 136 కేలరీలు మిగులుతాయి, అన్నం ఒక్క ముద్ద కూడా తగ్గించకుండా. చేయాల్సింది ఇదే: నెల మొదటి రోజున ఆ నెల నూనె విడిగా ఒక డబ్బాలో పోసి పెట్టడం, సీసా ఎత్తి ఒంపకుండా చెంచాతో కొలిచి పోపు వేయడం. పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. పోపుకి మూడు పెద్ద చెంచాలు పోసే చేతికి ఒకటితో మొదట్లో కూర మాడుతుంది. మంట తగ్గించి, మూత పెట్టి, రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే మాడదు.

బియ్యం పచ్చివే తూయాలి. వండాక నీళ్లను బట్టి అన్నం బరువు మారిపోతుంది. వంద గ్రాముల బియ్యానికి 350 కేలరీలు, అంతే.

అపోహ: రాగి సంగటి ఎంత తిన్నా పరవాలేదు

అరవై గ్రాముల రాగి పిండి, నలభై గ్రాముల బియ్యం వేసి కెలికిన ముద్ద 340 కేలరీలు. వంద గ్రాముల బియ్యంతో వండిన అన్నమూ దాదాపు ఇంతే. సంగటిలో పీచు ఉంది, కాల్షియం ఉంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది, తినండి. రెండో ముద్ద పెట్టించుకునేటప్పుడు మాత్రం అదీ లెక్కలోకి వస్తుంది. పక్కన వేసుకునే చెనిక్కాయల ఊరుబిండిలో ముప్పై గ్రాముల గింజలుంటే ఇంకో 170. మామిడికాయల కాలంలో పండు తినొచ్చా అని భయంభయంగా అడుగుతారు. మూడు వందల గ్రాముల గుజ్జుకు 180 కేలరీలు. అది వేసుకున్న పూట అన్నం కాస్త తగ్గించండి, సరిపోతుంది.

అపోహ: వారానికోసారి కొండెక్కితే చాలు

అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. 75 కిలోల మనిషికి సుమారు 700 కేలరీలు ఖర్చవుతాయి. మంచి వ్యాయామం, గుండెకు మంచిది. వారానికి పంచితే రోజుకు వంద. పైకి చేరాక ఒక లడ్డూ మొత్తం తింటే ఆ ఖర్చు అక్కడికక్కడ చెల్లు. నెయ్యి, చక్కెర, జీడిపప్పు ఉన్న 160–180 గ్రాముల లడ్డూ అది. ప్రసాదం మానమనడం లేదు. కళ్లకద్దుకుని చిటికెడు తిన్నా ప్రసాదమే, మిగతాది ఇరుగుపొరుగుకు పంచండి. దిగాక త్రాసు మీద తగ్గిన కిలోన్నర చెమట, చెంబెడు నీళ్లతో తిరిగొస్తుంది.

ఇంకొన్ని, టూకీగా

"తక్కువ తింటే ఒళ్లు కొవ్వును పట్టుకుని వదలదు": వదులుతుంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది మగవాళ్లకు 24 వారాలు సగం తిండి పెట్టారు. వాళ్ల బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఖర్చు తగ్గడం నిజమే, ఆగిపోవడం మాత్రం అబద్ధం. నెలల తరబడి బరువు కదలకపోతే నూనె, వారాంతం, అడుగులు ఈ మూడింటినీ వెతకండి.

"థైరాయిడ్ ఉంది, తగ్గను": మాత్ర వేసుకుంటూ టీఎస్‌హెచ్ (రక్తపరీక్షలో థైరాయిడ్ పనితీరు చెప్పే అంకె) సరిగ్గా ఉంటే లెక్క అందరిలాగే పనిచేస్తుంది.

"శనివారం ఒక్కపొద్దు ఉంటాను కదా": పగలంతా పస్తుండి రాత్రికి ఉప్మా, వడలు, పాయసం తింటే రోజు మొత్తం మామూలుకన్నా ఎక్కువే అవుతుంది. తిరుమల శనివారాల్లో బరువు పెరిగేది ఇలాగే.

ఒక హెచ్చరిక. గ్లిమెపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు డోసు మార్పించుకోకుండా తిండి బాగా తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పేరుకోవచ్చు. బీపీ మాత్రలకూ సర్దుబాటు అవసరం పడొచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి, తర్వాత త్రాసు దగ్గరికి. గర్భిణులు, బిడ్డకు పాలిస్తున్న తల్లులు, పద్దెనిమిది నిండని పిల్లలు సొంతంగా ఈ లెక్కల జోలికి రావద్దు.

ఇక నెలన్నరలో పెళ్లి ఉన్న 68 కిలోల ఆమె. రోజుకు 370 లోటు, ఆఖరి వారం పోను 38 రోజులకు 14,060. కొవ్వు రెండు కిలోలకు కాస్త తక్కువ, నీళ్లతో కలిపి త్రాసు మీద మూడు దాకా. పది కాదు. ఆఖరి వారం లోటు ఆపేసి 1,800 దాకా తినాలి, లేకపోతే తలంబ్రాలప్పుడు కళ్లు తిరుగుతాయి. బ్లౌజు కొలతలు మాత్రం ఇప్పుడే ఇవ్వొద్దు, పెళ్లికి పన్నెండు రోజుల ముందు ఇచ్చి, కుట్టు లోపల అంగుళం గుడ్డ వదలమని టైలర్‌కు చెప్పండి.