ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత పదేళ్లకు మోకాలు ఎలా ఉంటుంది? అపోహలు, వాస్తవాలు

మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగి, ఆపరేషన్ అయినవాళ్లకు ఫిజియోథెరపీ చేయించడం నా పని. దాదాపు అందరూ మొదట అడిగేది, "మళ్లీ ఎప్పుడు నడుస్తాను?" అని. నడక కొన్ని వారాల్లోనే వచ్చేస్తుంది. నన్ను ఆలోచింపజేసేది పదేళ్ల తర్వాత మోకాలి సంగతి. దాని గురించే తప్పుడు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి.

అపోహ: కొత్త లిగమెంట్ వేశారు కాబట్టి ఇక మోకాలి కీలుకు అరుగుదల రాదు.

వాస్తవం: ఆపరేషన్ మోకాలు జారిపోకుండా కాపాడుతుంది. పక్కకు తిరిగినప్పుడు కాలు పట్టు తప్పడం చాలావరకు ఆగుతుంది. కానీ లిగమెంట్ తెగిన ఆ క్షణంలోనే లోపల ఎముకలు గుద్దుకుని వాటి చివర్లను కప్పి ఉండే నునుపైన పొర, అంటే కార్టిలేజ్, నలుగుతుంది, చాలాసార్లు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరుగుతుంది. ఆ నష్టాన్ని కొత్త లిగమెంట్ పూడ్చలేదు. పదేళ్లు, ఆపైన గమనించిన అధ్యయనాల్లో మెరుగైనవాటిని చూస్తే, ఏసీఎల్ ఒక్కటే తెగినవాళ్లలో 0 నుంచి 13 శాతం మందికి అరుగుదల కనిపించింది. మెనిస్కస్ కూడా దెబ్బతిన్నవాళ్లలో అది 21 నుంచి 48 శాతం.

అందుకే ఇప్పుడు వీలున్నచోట మెనిస్కస్‌ను కత్తిరించి తీసేయకుండా కుట్టడానికే సర్జన్లు చూస్తారు. కుట్లు వేస్తే కొన్ని వారాలు కాలి మీద పూర్తి బరువు వేయనివ్వకపోవచ్చు, మోకాలు బాగా మడవనివ్వకపోవచ్చు. అదే రోజు ఆపరేషన్ అయిన పక్క బెడ్ మనిషి ముందే నడిచేస్తున్నాడని టెన్షన్ పడకండి. మీ మెనిస్కస్‌ను కుట్టారా, కొంత తీసేశారా అన్నది డాక్టర్‌ని అడిగి రాసిపెట్టుకోండి. ముందుముందు మోకాలి గురించి ఎవరికి చూపించినా ఆ వివరం పనికొస్తుంది.

అపోహ: లిగమెంట్ తెగిందంటే ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీయువకులను రెండు గ్రూపులు చేసి చూశారు. ఒక గ్రూపుకు త్వరగా ఆపరేషన్, రెండో గ్రూపుకు ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. ఐదేళ్లకు రెండో గ్రూపులో దాదాపు సగం మంది ఆపరేషన్ లేకుండానే ఉన్నారు. నొప్పిలో, రోజువారీ పనుల్లో, ఆటల్లో రెండు గ్రూపులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వ్యాయామం చేశాక కూడా మోకాలు పదేపదే జారిపోతుంటే ఆపరేషన్‌ను వాయిదా వేస్తూ కూర్చోకూడదు. జారిన ప్రతిసారీ మెనిస్కస్‌కు ముప్పే.

అపోహ: ఆరు నెలలైంది, నొప్పి లేదు, వాపు లేదు. ఇక ఆడొచ్చు.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది ఇక్కడే. తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప దగ్గర నుంచో తీసి అమర్చిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) లిగమెంట్‌లా మారడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మొదటి కొన్ని నెలల్లో అది పెట్టినప్పటికన్నా బలహీనపడుతుంది కూడా. సరిగ్గా అప్పుడే నొప్పి తగ్గి ధైర్యం వస్తుంది. నార్వే పరిశోధకులు గమనించినదాని ప్రకారం, ఆటకు తిరిగి వెళ్లడాన్ని తొమ్మిదో నెల వరకు ఆపిన ఒక్కో నెలకూ మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు దాదాపు సగానికి తగ్గింది.

నెలలు లెక్కపెడితే సరిపోదు. ఒంటికాలి మీద ముందుకు గెంతమంటాను. బాగున్న కాలి మీద దిగినప్పుడు మోకాలు మెత్తగా వంగి ఆగుతుంది. ఆపరేషన్ కాలి మీద దిగినప్పుడు మోకాలు బిగుసుకుంటుంది, లేదా లోపలికి వాలుతుంది, భారమంతా నడుము మీదికి పోతుంది. దూరం మాత్రం రెండు కాళ్లతోనూ ఒకటే గెంతుతారు! అందుకే దూరం ఒక్కటే చూడను. తొడ ముందు కండరం బలాన్ని విడిగా కొలుస్తాం, అది రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి.

అపోహ: మళ్లీ తెగితే ఆపరేషన్ చేసిన కాలికే.

వాస్తవం: రెండో కాలికి కూడా దాదాపు అంతే ప్రమాదం. 25 ఏళ్లలోపు వయసులో ఆటలకు తిరిగి వెళ్లినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలిలో మళ్లీ ఏసీఎల్ గాయమైంది. వ్యాయామం రెండు కాళ్లకూ చేయాలి.

అపోహ: లోపలి స్క్రూలు ఎప్పటికైనా తీయించాలి.

వాస్తవం: ఇబ్బంది పెట్టకపోతే అక్కర్లేదు. ఎంఆర్ఐ తీయించేటప్పుడు ఉన్నాయని చెప్పండి, చాలు.

అపోహ: పాత ఆట రాలేదంటే ఆపరేషన్ ఫెయిలైనట్టే.

వాస్తవం: 2014లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో 81 శాతం మంది ఏదో ఒక ఆటకు, 65 శాతం మంది మునుపటి స్థాయికి, 55 శాతం మంది పోటీలకు తిరిగి వెళ్లారు. వెళ్లనివాళ్లలో మోకాలు బాగానే ఉన్నా మళ్లీ తెగుతుందన్న భయంతో ఆగినవాళ్లూ ఉంటారు. ఆ భయం మీకుంటే ఫిజియోకి చెప్పండి. దాన్ని కూడా ప్రశ్నలతో అంచనా వేసి, గెంతడం, హఠాత్తుగా దిశ మార్చడం వంటివి కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయిస్తాం.