విశాఖకు విదేశీ పెట్టుబడి ఎందుకొస్తుంది?

మన దగ్గర కూలి చౌక కాబట్టే విదేశీ కంపెనీలు వస్తాయని చాలామంది అంటారు. అదొక్కటే కారణమైతే అతి పేద దేశాలకే అందరికంటే ఎక్కువ పెట్టుబడి వెళ్లాలి. అలా జరగడం లేదు.

విశాఖనే చూడండి. 1957లో అమెరికా కంపెనీ కాల్టెక్స్ ఇక్కడ చమురు శుద్ధి కర్మాగారం పెట్టింది. దానికి ముఖ్యంగా కావాల్సింది ముడిచమురు ఓడలు వచ్చే రేవు, పెట్రోలు కొనే మార్కెట్. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున 1933లో మొదలైన రేవు అప్పటికే ఉంది. అచ్యుతాపురంలో బట్టలు కుట్టించే శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ లెక్క వేరు. సరుకు ఎగుమతికే కాబట్టి మన మార్కెట్ పెద్దదా చిన్నదా అన్నది దానికి అంత ముఖ్యం కాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి షిఫ్టులకు వచ్చే ఆడవాళ్ల పనితనం, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో సుంకాల మినహాయింపు, దగ్గర్లో ఓడరేవు, ఇవి చాలా ముఖ్యం. చౌక కూలి మాట కాస్తయినా నిజమయ్యేది ఇలాంటి చోటే. ఈ రకం పెట్టుబడే మరో దేశానికి తేలిగ్గా తరలిపోగలదు కూడా.

2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ డేటా సెంటర్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. డేటా సెంటర్‌కు కావాల్సింది గిగావాట్ల స్థాయిలో కరెంటు, సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే తీరం. కట్టడం పూర్తయ్యాక, పెట్టిన డబ్బుతో పోలిస్తే అందులో ఉద్యోగాలు తక్కువే ఉంటాయి. ఇది ముందే తెలిసుండాలి.

బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ డన్నింగ్ 1970లలో విదేశీ పెట్టుబడి ఎందుకొస్తుందన్న దాన్ని మూడు ప్రశ్నలుగా విడదీశారు. కంపెనీకి ఇతరులకు లేని బలం ఏముంది? ఆ చోటే ఎందుకు? లైసెన్సు ఇచ్చి వేరేవాళ్లతో చేయించకుండా తానే ఎందుకు నడపాలి? ఊరి చేతిలో ఉన్నది రెండోది మాత్రమే.

నిబంధనల సంగతీ ఉంది. 1973 నాటి ఫెరా (విదేశీ మారకద్రవ్య నియంత్రణ) చట్టం చాలా కంపెనీల్లో విదేశీ వాటాను 40 శాతానికి కట్టడి చేసింది. 1970లలోనే కాల్టెక్స్ ప్రభుత్వపరమైంది. 1991 సంస్కరణలతో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. 1997లో కొరియా కంపెనీ ఎల్‌జీ కెమ్ వచ్చింది. కొత్త ఫ్యాక్టరీ కట్టలేదు, వెంకటాపురంలో ఉన్న ప్లాంటునే కొనుక్కుంది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ట్యాంకు నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచకపోతే, నిరోధక రసాయనం తగినంత కలపకపోతే అది తనంతట తానే వేడెక్కుతుంది. పెట్టుబడిదారుల సదస్సుల్లో అనుమతులు ఎన్ని రోజుల్లో ఇస్తామో గొప్పగా చెబుతారు. అలాంటి ట్యాంకుల్ని ఎవరు, ఎన్నాళ్లకోసారి తనిఖీ చేస్తారో కూడా అదే వేదిక మీద చెప్పాలి.