బ్రిటనీ ప్రముఖులు: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఐరోపా చరిత్ర బోధించేటప్పుడు, ఫ్రాన్సు పశ్చిమ కొసన ఉన్న బ్రిటనీ గురించి నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు చాలావరకు ఒకే చోట పుడతాయి. ఫలానా వ్యక్తి ఫలానా ప్రాంతంవాడు అనేటప్పుడు ఏ కాలపు పటాన్ని చూస్తున్నామో, పుట్టిన ఊరిని లెక్కలోకి తీసుకుంటున్నామో పెరిగిన ఊరినో ఎవరూ గమనించరు.

అపోహ: జూల్ వెర్న్ బ్రిటనీవాడు కాడు.

ఫ్రెంచి నవలా రచయిత అయిన ఆయన 1828లో పుట్టిన నాంత్ నగరం నేటి పరిపాలనా పటంలో బ్రిటనీ బయట ఉన్నమాట నిజమే. అయితే బ్రిటనీ డ్యూకులు కోట కట్టుకొని ఏలిన నగరం అదే. 1532లో ఆ డచీ, అంటే డ్యూకుల రాజ్యం, ఫ్రాన్సులో విలీనమైంది, విప్లవకాలంలో పాత ప్రావిన్సులన్నీ రద్దయ్యాయి, అయినా నాంత్‌ను బ్రిటనీలో భాగంగానే జనం భావిస్తూ వచ్చారు. దాన్ని విడదీసింది 1941లో విషీ ప్రభుత్వం, అంటే రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీతో సహకరించిన ఫ్రెంచి ప్రభుత్వం. యుద్ధం తరువాత గీసిన ప్రాంతీయ హద్దులు కూడా ఆ విభజననే కొనసాగించాయి, తిరిగి కలపాలన్న కోరిక అక్కడ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. వెర్న్ తల్లిది నాంత్ కుటుంబమే, తండ్రి మాత్రం బయటి నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన న్యాయవాది. ఇక పదకొండేళ్ల వయసులో ఆయన ఇండియాకు వెళ్లే ఓడ ఎక్కి పారిపోబోయాడన్న కథ బంధువు ఒకరు తరువాతి కాలంలో రాసిన జీవితచరిత్ర ద్వారా ప్రచారమైంది. పరిశోధకులు దాన్ని నమ్మదగినదిగా పరిగణించడం లేదు.

అపోహ: 1746లో మద్రాసును పట్టుకున్నది డూప్లే.

మన విద్యార్థులు పరీక్షల్లో తరచుగా రాసే సమాధానం ఇది. డూప్లే అప్పుడు పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు. నౌకాదళంతో వచ్చి ఆ సెప్టెంబరులో కోటను లొంగదీసినవాడు సెయింట్ మాలో రేవులో 1699లో పుట్టిన లా బోర్డనే. సొమ్ము తీసుకొని పట్టణాన్ని ఆంగ్లేయులకు తిరిగి ఇచ్చేయాలని ఆయన, ఇవ్వరాదని డూప్లే పట్టుబట్టారు. ఆ తగవు తేలకముందే అక్టోబరు తుపాను లా బోర్డనే ఓడలను చిన్నాభిన్నం చేసింది. స్వదేశం చేరిన సేనానిని బాస్తీల్ జైలులో పెట్టారు. 1751లో నిర్దోషిగా విడుదలై, రెండేళ్లకే మరణించాడు. మారిషస్‌లో పోర్ట్ లూయిస్ నిర్మాతగా ఆయనను కీర్తించేవారు, ఆ నిర్మాణంలో బానిసల చాకిరీ ఎంత ఉందో కూడా చెప్పడం న్యాయం. డూప్లే పుట్టింది ఫ్రాన్సు ఉత్తరాన లాండ్రెసీలో. మన తీరంలో మచిలీపట్నం వంటి రేవుల నుంచి ఫ్రెంచి కంపెనీ కొన్న బట్టలు దిగిన లోరియాన్ రేవు కూడా బ్రిటనీలోనిదే కాబట్టి, ఈ ప్రాంతం మనకు అంత పరాయిది కాదు.

అపోహ: సుర్కూఫ్ సముద్రపు దొంగ.

సెయింట్ మాలోకే చెందిన సుర్కూఫ్ 1800లో బంగాళాఖాతంలో కెంట్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడను పట్టుకున్నాడు. యుద్ధకాలంలో శత్రు దేశపు ఓడలను పట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం అప్పుడు ఆయన వద్ద ఉంది గనుక చట్టం దృష్టిలో అది దోపిడీ కాదు. అయితే 1796లో అలాంటి పత్రం లేకుండానే ఓడలను పట్టుకోవడంతో, వాటిని మారిషస్ అధికారులు ఆయనకు దక్కనివ్వలేదు. బానిసల వ్యాపారంలోనూ ఆయన పాలుపంచుకున్నాడు. పూర్తి వీరుడిగానో పూర్తి దొంగగానో చిత్రించే రచనలు రెండూ నాకు తృప్తినివ్వవు.

చిత్రకారుడు గోగాన్‌ను బ్రిటనీ బిడ్డగా చెప్పడం మాత్రం ఎటు చూసినా తప్పే. ఆయన పారిస్‌లో పుట్టి, పెరూలో బాల్యం గడిపి, 1886లో తొలిసారి పోంతావెన్ గ్రామానికి బస చవకగా దొరుకుతుందని వెళ్లాడు.

అపోహ: బ్రిటనీవారందరి మాతృభాష బ్రెటన్.

వెల్ష్‌కు దగ్గరి బంధువైన బ్రెటన్ పశ్చిమ భాగపు భాష. తూర్పున రెన్, సెయింట్ మాలో వైపు గ్రామాల్లో లాటిన్ కుటుంబానికి చెందిన గాలో ఉండేది. 1816లో పారిస్ ఆసుపత్రిలో కాగితాలను గొట్టంలా చుట్టి ఒక యువతి గుండె చప్పుడు విని, తరువాత చెక్క గొట్టంతో స్టెతస్కోపును రూపొందించిన లేనెక్ పశ్చిమాన కెంపేర్‌లో పుట్టినా, నాంత్‌లో వైద్యుడైన బాబాయి వద్ద ఫ్రెంచిలోనే చదువుకున్నాడు. బ్రెటన్‌ను ఆయన పట్టుదలతో నేర్చుకున్నాడు. 1814లో పారిస్‌కు చేరిన గాయపడిన బ్రిటనీ సైనికులకు ఫ్రెంచి రాకపోవడంతో, వారితో వారి భాషలోనే మాట్లాడి వైద్యం చేశాడు.